బొట్టు పెట్టుకున్న జింక

అరోరాలో లోకేష్ ఇంటి బేస్‌మెంట్‌లోకి నడుం లోతు నీళ్ళొచ్చి, బియ్యం బస్తాలూ పెళ్ళి ఆల్బమ్‌లూ పక్కపక్కనే తేలిన ఏడాది అది. ఆ ఇంట్లో ఏ సంగతికైనా ఆ నీళ్ళతోనే లెక్క. ఈ సంగతి నీళ్ళొచ్చిన ఏడాది, నవంబరులో, ఒక శనివారం పొద్దున మొదలైంది.

ఆ పొద్దున లోకేష్ పెట్టుకున్న పని చిన్నదే. అడవిలో చెట్టుకి ఒక కెమెరా కట్టి రావాలి. దాని ముందు నుంచి ఏ జంతువు నడిచినా అదే ఫొటో తీసి ఫోన్‌కి పంపుతుంది. అడవి అతని మేనేజరు గ్రెగ్‌ది. వచ్చే శుక్రవారం జింకల వేట మొదలవుతుంది. పెద్ద కొమ్ముల మగ జింక ఒకటి ఆ అడవిలో తిరుగుతోందని గ్రెగ్ నమ్మకం. అది ఏ దారిన వస్తుందో కనిపెట్టి చెప్పాలి. తనకి ఈ ఏడాది తీరిక లేదన్నాడు గ్రెగ్. లంచ్ దగ్గర నోరు జారి, "మావాళ్ళది నల్లమల, అడుగు చూసి జంతువేదో చెప్పేస్తారు" అన్నది లోకేషే. అతనివాళ్ళది తెనాలి. బట్టల కొట్టు.

లోకేష్‌కి జింక అక్కర్లేదు. గ్రీన్ కార్డ్ కాగితాల మీద గ్రెగ్ సంతకం కావాలి. వేసవి నుంచీ అడుగుతుంటే, "వేట సీజన్ వెళ్ళనీ, చూద్దాం" అంటున్నాడు. వేట బాగా జరిగితే సంతకమూ బాగా జరుగుతుందని లోకేష్ అర్థం చేసుకున్నాడు.

"అత్తయ్యా, ఇవాళ పోపు పెట్టకండి" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

శేషమ్మ చేతిలో ఇంగువ డబ్బా గాలిలో ఆగిపోయింది. "అయ్యో! ఎవరు పోయారు బాబూ?"

"ఎవరూ పోలేదు. మన వాసన తగిలితే జింకలు రావట. సబ్బు కూడా వాడొద్దన్నాడు గ్రెగ్. రెండు రోజుల్నుంచీ సోప్ లేకుండానే స్నానం చేస్తున్నా."

"తెలుస్తూనే ఉంది" అంది భార్య వసుమతి, కాఫీ కప్పుతో రెండడుగులు వెనక్కి వేసి.

"జింకలతో మనకేం పని అల్లుడు గారూ?"

"ఫొటోలకి అత్తయ్యా. గ్రెగ్‌కి జింకల ఫొటోలంటే ప్రాణం." వేట అన్న మాట వింటే ఆవిడ ఆ ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగించదు. అది అతనికి తెలుసు.

శేషమ్మకి ఒక అలవాటుంది. ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే బొట్టు పెట్టందే వాడనివ్వదు. కారుకి పెట్టింది. రైస్ కుక్కర్‌కి పెట్టింది. దానంతటదే నేల ఊడ్చే మరకి పెడితే, అది బొట్టుతో ఇల్లంతా తిరిగొచ్చి సోఫా కింద ఇరుక్కుంది. లోకేష్ బూట్లు వేసుకుంటున్నప్పుడు ఆవిడ బల్ల మీది కెమెరాని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పింది. ముఖం ఎటో తెలియలేదు. మధ్యలో గుండ్రంగా మెరిసే అద్దం కనిపించింది. అదే నుదురు అనుకుంది. తడి కుంకుమ అద్ది, దణ్ణం పెట్టి, సంచీలో పెట్టేసింది.

ఆవిడ భర్త హనుమయ్య ఇదంతా కుర్చీలోంచి చూశాడు. హనుమయ్య పూట మొత్తం మీద నాలుగు మాటలు ఆడితే ఆవేళ ఒంట్లో బాగాలేదన్నమాట. అడిగితే చెప్పేవాడే. ఎవరూ అడగలేదు.

"మామయ్యా, మీరూ రండి. ఇంట్లో ఏం చేస్తారు?" అన్నాడు లోకేష్. హనుమయ్య మంకీ క్యాప్ పెట్టుకుని కారెక్కాడు.

కెమెరాని ఎవరూ ఎత్తుకుపోకూడదని లోకేష్ తల కంటే ఎత్తున, పొడుగాటి గడ్డికి ఎదురుగా కట్టాడు. పట్టీ బిగించడానికి చెట్టు వెనకే నిలబడ్డాడు కాబట్టి దాని ముఖం చూడలేదు. ఫొటోలు తన ఫోన్‌కీ, గ్రెగ్ ఫోన్‌కీ వచ్చేలా ముందు రాత్రే ఏర్పాటు చేసుకున్నాడు. పరీక్ష కోసం ఇంట్లో టాబ్లెట్‌లో కూడా పెట్టి చూశాడు. అది శేషమ్మ సీరియళ్ళు చూసే టాబ్లెట్. దాన్లోంచి తీసేయడం మర్చిపోయాడు.

ఇల్లు చేరకముందే ఫోన్ మోగడం మొదలైంది. మొదటి ఫొటోలో గడ్డి. రెండో ఫొటోలో గడ్డి, కొంచెం ఎడమకి వంగి. మూడో ఫొటోలో గడ్డి, కుడికి. గాలి వీచినప్పుడల్లా కెమెరా ఆ గడ్డిని జంతువనుకుని ఫొటో తీస్తోంది. మధ్యాహ్నానికి గ్రెగ్ నుంచి మెసేజ్ వచ్చింది. "గడ్డి చాలా బాగుంది. జింక ఏది?"

లోకేష్‌కి భోజనం దిగలేదు. గడ్డి సంగతి అటుంచి, ప్రతి ఫొటోలో నడిమధ్య ఎర్రగా మసక చుక్క ఒకటి కనిపిస్తోంది. కంపెనీకి ఫోన్ చేశాడు.

"లెన్స్ శుభ్రంగా ఉందా సార్?" అని అడిగింది అవతల అమ్మాయి.

"బ్రాండ్ న్యూ! బాక్స్‌లోంచి తీసి డైరెక్ట్‌గా చెట్టుకి కట్టా. ఇది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్. నేనూ సాఫ్ట్‌వేరే, నాకు తెలుసు."

పక్కన హనుమయ్య పెరుగన్నం తింటున్నాడు.

సాయంత్రం అవకముందే మళ్ళీ అడవికి వెళ్ళారు. లోకేష్ గడ్డి కోశాడు. కెమెరాని నడుం ఎత్తుకి దించాడు. చెట్టు వెనక నుంచే పట్టీ బిగించాడు. అడుగున మూత తీసి బ్యాటరీలు మార్చాడు, ఫోన్‌లోంచే అప్‌డేట్ చేశాడు, రీసెట్ చేశాడు. మామగారు చెట్టుకి ఇవతల, కెమెరాకి ఎదురుగా నిలబడి ఆ ఎర్ర బొట్టుని చూస్తూ ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు, ఇంక గడ్డి గోల వినలేక, లోకేష్ ఫోన్‌లో ఆ మోత ఆపేశాడు.

సరిగ్గా అప్పుడే ఒక ఆడ జింక కెమెరా ముందుకొచ్చి, తలెత్తి చూసింది.

ఇంట్లో శేషమ్మ సీరియల్ చూస్తోంది. అందులో కోడలు స్పృహ తప్పబోతుండగా టాబ్లెట్ టింగుమంది. తెర మీద జింక. చీకటి పడబోయే ముందటి ఎర్రటి వెలుగు. నుదుటి మీద గుండ్రంగా కుంకుమ బొట్టు.

"అమ్మా తల్లీ!" అని శేషమ్మ లేచి నిలబడి చెంపలేసుకుంది. తర్వాత ఆ ఫొటోని శుక్రవారం పారాయణం గ్రూప్‌లో పెట్టింది. "మా అల్లుడు గారి కెమెరాలో అమ్మవారు" అని రాసింది.

భోజనాల వేళకి ఫొటో పక్క ఊరు నేపర్‌విల్ అంతా తిరిగింది. ఆ తర్వాత మిషిగన్‌లో ఉన్న ట్రాయ్ వెళ్ళింది. అక్కడెవరో, "మిషిగన్ అడవుల్లో వెలసిన జింకమ్మ. పదకొండు మందికి పంపితే మంచి వార్త వింటారు" అని కలిపారు. అది తిరిగి తిరిగి శేషమ్మకే వచ్చింది.

"చూశారా, అక్కడ కూడా వెలిసింది!" అంది మొగుడితో.

హనుమయ్య దుప్పటి కప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున ఇంకో ఫొటో కనిపించింది. రాత్రి ఫొటోల్లో రంగులుండవు. జింక నుదుట బొట్టు నల్లగా పడింది. దానికీ గ్రూప్‌లో సమాధానం దొరికింది. రాత్రిపూట దిష్టి తగలకుండా అమ్మవారు దిష్టి చుక్క పెట్టుకుందట.

లోకేష్ లేచేసరికి తొమ్మిదయింది. ఇంట్లో వసుమతి ఒక్కతే ఉంది.

"అత్తయ్యా వాళ్ళేరి?"

"నీ జింక దగ్గరికెళ్ళారు."

"నా జింకేంటి?"

"పరంధామయ్య అంకుల్ వ్యాన్‌లో వెళ్ళారు. యాప్‌లో కెమెరా ఎక్కడుందో మ్యాప్ చూపిస్తోందటగా. పదిహేను కార్లట. నాన్న కూడా వెళ్ళారు. అమ్మ తెల్లవారుజామునే లేచి డేగిసాడు పులిహోర కలిపింది. నీకు కొంచెం ఉంచింది, తింటావా?"

లోకేష్ చెప్పులతోనే కారెక్కాడు. సబ్బు మానేసి, ఇంట్లో పోపు మాన్పించి కాపాడిన అడవి అది. గ్రెగ్ ఈ సంగతి వినకముందే వాళ్ళని బయటికి తోలాలి.

అడవి అంచున వ్యాన్లు వరసగా నిలిచి ఉన్నాయి. లోపల్నుంచి కర్పూరం వాసన వస్తోంది. పట్టు పంచె మీద ఊలు కోటు వేసుకున్న పరంధామయ్య, కెమెరా కట్టిన చెట్టు చుట్టూ అందరి చేతా ప్రదక్షిణ చేయిస్తున్నాడు. పరంధామయ్య రిటైరయ్యాక అరోరాలో ఎవరింట్లో ఏం జరిగినా మైకు పట్టుకునే మనిషి. ఇక్కడికీ ఒకటి తెచ్చుకున్నాడు.

"ఆడవాళ్ళు ఎడమ పక్క! అరటిపళ్ళు చెట్టు మొదట్లో! పులిహోర జింకలకి నైవేద్యం, నాలుగు వైపులా చల్లండి!" అని గుప్పెళ్ళతో తనే చల్లుతున్నాడు.

"అంకుల్! ప్లీజ్! ఇది ప్రైవేట్ ప్రాపర్టీ!"

"అమ్మవారికి ప్రైవేటేంటయ్యా?"

శేషమ్మ వెంట తెచ్చుకున్న టాబ్లెట్ టింగుమంది. ఆ చెట్టు చుట్టూ తిరిగేవాళ్ళందరినీ కెమెరా ఫొటో తీస్తోంది మరి. ఈసారి ఫొటోలో పరంధామయ్య బట్టతల, దాని మీద ఎర్రటి బొట్టు.

"అన్నయ్య గారూ, మిమ్మల్నీ కరుణించింది!" అంది శేషమ్మ. పరంధామయ్య మైకు పక్కకి పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టారు.

మళ్ళీ టింగుమంది. బొట్టు ఈసారి నేపర్‌విల్ ఆవిడ మోచేతి మీద పడింది. ఆవిడ మోచెయ్యి కళ్ళకద్దుకోబోయింది, అందలేదు. తర్వాత ఎవరో మజ్జిగ పెట్టెను మోసుకొస్తున్న ఫొటో. బొట్టు పెట్టె మీదుంది.

"మజ్జిగనెందుకు కరుణించింది?" అన్నారెవరో వెనక నుంచి.

అందరూ ఆగారు. లోకేష్ చెట్టు ముందుకొచ్చి, వంగి, మొదటిసారి కెమెరా అద్దంలోకి చూశాడు.

"దీనికి కుంకుమ ఎవరు పెట్టారు?"

"నేనే. కొత్త వస్తువు కదా" అంది శేషమ్మ. అన్నాక ఆవిడకే అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

లోకేష్ మామగారి వైపు తిరిగాడు. "మామయ్యా, మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెట్టినప్పట్నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"అడగలేదుగా."

పరంధామయ్య నెమ్మదిగా బట్టతల తడుముకున్నాడు. కాళ్ళకి దణ్ణం పెట్టిన ఇద్దరూ ఆయన్ని గుర్రుగా చూశారు.

అప్పుడే ట్రక్కు ఒకటి, దాని వెనక ప్రభుత్వం జీపు ఒకటి వచ్చి ఆగాయి. గ్రెగ్ తన ఫోన్‌లో పట్టుచీరలు చూసి, అడవిలో ఎవరో జొరబడ్డారని వేట చట్టాలు చూసే ఆఫీసరుని వెంటబెట్టుకొచ్చాడు. ఆఫీసరు చెట్టు మొదలు చూసింది. అరటిపళ్ళు, కొబ్బరి చెక్కలు, నేలంతా పసుపు మెతుకులు.

"ఏమిటిది?" అంది.

"ఫుడ్, మేడమ్. ఫర్ డీర్. వెరీ హోలీ" అన్నాడు పరంధామయ్య.

ఆవిడ తల ఊపింది. జింకలకి తిండి పెట్టి రప్పించి వేటాడటం ఇక్కడ నేరమని చెప్పింది. తెలియక చేశారు కాబట్టి ఈసారికి హెచ్చరికతో వదులుతున్నానంది. ఈ తిండి అంతా, మెతుకు మిగలకుండా ఎత్తేయాలి. ఎత్తేశాక పది రోజులు గడిచేదాకా ఈ అడవిలో ఎవరూ వేటాడకూడదు.

శుక్రవారం మొదలయ్యే వేట మూడు రోజులే. అంటే గ్రెగ్‌కి అది పోయినట్టే. లోకేష్‌కి ఒక్కసారిగా సామాను సర్దుకుంటున్న తన ఇల్లు కళ్ళ ముందు కనబడింది.

"వేటేంటి?" అంది శేషమ్మ. "ఫొటోలన్నారు కదా అల్లుడు గారూ?"

ఈలోపు గ్రెగ్ అల్లుడి భుజం పట్టుకుని ట్రక్కు వెనక్కి తీసుకుపోయాడు. లోకేష్ కళ్ళు మూసుకున్నాడు.

"శుక్రవారం మా అన్నదమ్ములొస్తున్నారు" అన్నాడు గ్రెగ్ గొంతు తగ్గించి. "పాతికేళ్ళుగా ఈ అడవిలో చెట్టు మీద కట్టిన వేట మంచె నాది. ఈ ఏడాది నా మోకాళ్ళు నిచ్చెన మీద రెండో మెట్టు ఎక్కనివ్వట్లేదు. ఆ మాట వాళ్ళకి చెబితే నేను చచ్చేదాకా నవ్వుతారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు నాకు. సాకు వెతుక్కుంటున్నాను. దొరకలేదు."

లోకేష్ ఒక కన్ను తెరిచాడు.

"ఇప్పుడు నేనేం చెప్పక్కర్లేదు. గవర్నమెంటే వద్దంది!" గ్రెగ్ పగలబడి నవ్వి, అతని వీపు మీద చరిచాడు. "ఆ కాగితాలు రేపు పొద్దున నా టేబుల్ మీద పెట్టు, సంతకం చేస్తా. అది సరే, ఆ పసుపు అన్నం నేల మీదదేనా, గిన్నెలో కూడా ఉందా?"

గిన్నెలో ఉంది. గ్రెగ్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. జింకల్ని చంపే మనిషికి వడ్డించనని మొదట భీష్మించుకున్న శేషమ్మ, ఈ ఏడాది చంపడని పరంధామయ్య హామీ ఇచ్చాక గరిటె పట్టుకుంది. ఆఫీసరు డబ్బాలో పెట్టించుకుని వెళ్ళింది. లోకేష్ కెమెరా విప్పేశాడు. అందరూ కలిసి పళ్ళూ కొబ్బరి చెక్కలూ ఏరారు. మెతుకులు ఏరుతుండగానే పొద్దు గుంకింది.

సోమవారం పొద్దున లోకేష్ సంతకానికి వెళ్తూ హనుమయ్యని బకెట్‌తో అడవి దగ్గర దింపాడు. హనుమయ్య గొంతుక్కూర్చుని ఆకుల మధ్య పులిహోర ఏరసాగాడు. కాసేపటికి ఎదుటి పొదలు కదిలాయి. తల మీద చిన్న చెట్టంత కొమ్ములున్న మగ జింక ఒకటి వచ్చి, ఆయన్ని చూసి, ఆ పక్కనుంచి తినడం మొదలెట్టింది. ఫొటో తీయడానికి అక్కడేమీ లేదు. ఆ వైపుది అది చూసుకుంది, ఈ వైపుది ఈయన చూసుకున్నాడు.

ఎండుమిరపకాయలు మాత్రం ఈయనకే వదిలింది.