గంటన్నరలో బాగుపడ్డ నేల

ఆ రోజు ఉదయం ల్యాబ్‌లో శాస్త్రవేత్తగా ఆమె పెట్టుకున్న పని ఒక్కటే. పది గంటలకు ల్యాబ్‌కి డబ్బిచ్చే శాఖ నుంచి పెద్దాఫీసరు వస్తాడు. మూతపడ్డ బ్యాటరీల ఫ్యాక్టరీ వెనక ఉన్న చిన్న మడిలోంచి గుప్పెడు మట్టి తీసి, అందులో నీళ్లలో కరిగే సీసం సగానికి తగ్గిందని ఆయనకు చూపించాలి. ఆ విషపు నేలలోనే పుట్టి పెరిగిన బ్యాక్టీరియాని ఏరి, మూడేళ్లపాటు గాజు పళ్లేల్లో పసిపిల్లల్లా సాకి, మళ్లీ అదే నేలలోకి వదిలింది. అవి సీసాన్ని మాయం చెయ్యవు. బావుల్లోకి దిగకుండా పట్టి ఉంచుతాయి. ఈ తేడా చెప్తే అందరూ తలాడించేవారు. తలాడించడానికి అర్థం కావాల్సిన పని లేదు కదా. ల్యాబ్ ఉంటుందో ఊడుతుందో ఈ పూట తేలిపోతుంది.

మడి దగ్గరికి వెళ్లేసరికి నేలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పక్కన బాబాయి చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు. ఆయన ఆమె ల్యాబ్ ఉన్న ఆఫీసులోనే శుభ్రత చూసే సూపర్‌వైజరు. పిన్ని పోరు పడలేక ఆ ఉద్యోగం వేయించింది ఆమే.

"ఏం చేశావు బాబాయ్?"

"రెండు బస్తాల బ్లీచింగ్ చల్లించానమ్మా. ఇక్కడ బ్యాక్టీరియా ఉందని బోర్డు మీద నువ్వే రాశావు గదా. పెద్దమనిషి వచ్చే చోట అదేం బాగుంటుంది? నీ పరువు పోకూడదని తెల్లారగానే వచ్చేశా."

ఆమెకు ఏడుపు రాలేదు. కోపమైనా సరిగా రాలేదు. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైపోయింది, పోసినవాడేమో మెచ్చుకుంటుందని ఎదురుగా నిలబడి చూస్తున్నాడు.

ఈలోగా ల్యాబ్ డైరెక్టరు వచ్చి, సంగతి విని నుదురు కొట్టుకున్నాడు. కొట్టుకున్నది చచ్చిన బ్యాక్టీరియా కోసం కాదు. "ఈ తెలుపు కనబడితే కొంప మునుగుతుంది. ఏదో ఒకటి వేసి కప్పెయ్యండి" అన్నాడు.

చెప్పిన పనికి నాలుగింతలు చెయ్యడం బాబాయికి అలవాటు. ఆఫీసు పూలమొక్కల కోసం తెప్పించిన ఎర్రమట్టి ఒక ట్రాక్టరు లోడు పోయించి, చదును చేయించి, పైన నీళ్లు కూడా చల్లించాడు. ఆమె వద్దంటూనే ఉంది. ఆమె మాట వినే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

ఆఫీసరు వచ్చాడు. పైపైన గుప్పెడు మట్టి తీసి తన వెంట తెచ్చిన యంత్రంలో పెట్టించాడు.

"సీసం సున్నా. మీ బ్యాక్టీరియా గట్టిదేనమ్మా" అన్నాడు.

డైరెక్టరు ఆమె వైపు చూసిన చూపులో బతిమాలడమూ ఉంది, బెదిరింపూ ఉంది. నోరు మూసుకుంటే గండం గడుస్తుంది. కానీ గోడ అవతల ఎవరో బావిలోంచి నీళ్లు తోడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఆ సున్నా అబద్ధం సార్. అది ఇందాక పోసిన కొత్త మట్టి. విషం దాని కిందే ఉంది. నా బ్యాక్టీరియా చచ్చిపోయింది."

ఆఫీసరు మడి వైపు తిరిగాడు. "పోసిందెవరు?"

"నేనేనండి" అన్నాడు బాబాయి, తల వంచుకుని.

"ఎంతసేపు పట్టింది?"

"గంటన్నరండి."

"మీకెంత పట్టిందమ్మా?"

"మూడేళ్లు" అంది ఆమె. "కానీ సార్, వాన పడితే ఆ విషం కిందికి దిగి..."

"వాన సంగతి వేరే శాఖ చూసుకుంటుంది."

వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. ల్యాబ్ మూసెయ్యాలి. ఫ్యాక్టరీ వెనక మిగిలిన ఆరెకరాల విషపు నేల మీదా కొత్త మట్టి కప్పించాలి, ఆ పనికి బాబాయే అధికారి. తనకు తోడుగా ఒక మనిషి కావాలని ఆయన అడిగితే, మట్టి గురించి కాస్తో కూస్తో తెలిసిన మనిషని ఆమెను వేశారు.