సముద్రం దాటిన కుస్తీ కంపెనీ

ఒక పెద్ద అడవిలో కొట్టుకోవడానికి ఒక కంపెనీ ఉండేది.

నిజంగా కొట్టుకుంటారని కంగారు పడకండి. ఎవరు ఎవరిని ఎత్తి పడేయాలో, పడ్డవాడు ఎంత గట్టిగా మూలగాలో అంతా ముందే అనుకునేవారు. మధ్యాహ్నం ఒకసారి సాధన చేసుకుని, సాయంత్రం గోదాలోకి దిగేవారు. జనం చెట్లెక్కీ పుట్టలెక్కీ చూసి ఈలలు వేసేవారు.

యజమాని ఉద్దండయ్య ఒక ఉడుము. ఒప్పందం మీద ఒకసారి వేలిముద్ర వేయించుకున్నాడంటే ఇక ఆ జంతువును వదిలేది లేదు. ఉడుం పట్టు అని ఊరికే అంటారా!

హీరో చారలయ్య అనే పులి. గోదాలో ఆయన పేరు వజ్రపంజా. వయసు మళ్ళింది, మోకాళ్ళు పట్టేశాయి, కోరల్లో ఒకటి చెక్కది. అయినా ప్రతిసారీ ఆయనే గెలవాలి, కథ అలా రాసి ఉంటుంది.

విలను బొంతయ్య అనే ఎలుగుబంటి. గోదాలో ప్రళయకాలం అనేవారు. గోదా బయట చెదపురుగుల్ని తినబోయే ముందు వాటికి క్షమాపణ చెప్పుకునే రకం. కంపెనీలో చేరినప్పటినుంచీ ఓడిపోవడమే ఆయన పని. పులి ఎత్తి పడేస్తుంది, బొంతయ్య వీపు నేలకు ఆనుతుంది, జనం "ఒకటి, రెండు, మూడు" అంటారు. మూడు అనేలోగా లేవకపోతే ఓడినట్టే. బొంతయ్య ఏనాడూ లేచి ఎరగడు.

ఓటమి ఆయనకు అలవాటైపోయింది. కూతురికే అలవాటు కాలేదు. నేరేడు అనే ఆ బొద్దు పిల్లకు గోదాలో జరిగేదంతా నిజం. బళ్ళో కోతిపిల్లలు నేరేడు కనిపిస్తే చాలు, "ఒకటి, రెండు, మూడు" అంటూ వెల్లకిలా పడి దొర్లేవి. పాపం ఆ పిల్ల ఏడ్చేది కాదు. సాయంత్రం తండ్రి ఇంటికి రాగానే, "నాన్నా, ఈసారైనా గెలుస్తావా?" అని మాత్రం అడిగేది. ఆ మాటకి బొంతయ్య ఒంటి మీద ఉన్న బొచ్చంతా దిగులుతో వాలిపోయేది.

ఇంతలో అడవిలో జనానికి విసుగు పుట్టింది. పులి ఇంకా ఎత్తకముందే "మూడు" అనేసి ఇళ్ళకు పోతున్నారు. ఉద్దండయ్య తోక కొరుక్కుని ఆలోచించి, "సముద్రం అవతల అడవికి పోదాం. వాళ్ళకి మన ఆట కొత్త. అక్కణ్ణించి ఇక్కడికి ప్రత్యక్ష ప్రసారం ఇద్దాం. ఇక్కడివాళ్ళకీ కొత్తగా ఉంటుంది," అన్నాడు.

వేలిముద్ర వేసేముందు బొంతయ్య నసిగాడు. "అయ్యా, ఒక్కసారి నన్ను గెలిపించండి. మా పిల్ల చెవిన పడితే చాలు."

"ఓస్, అంతేనా! ఆఖరి ఆట నీదే పో!"

బొంతయ్య సంతోషంగా వేలిముద్రకు బదులు పంజా మొత్తం గుద్దేశాడు.

ప్రత్యక్ష ప్రసారం ఎలాగంటారా? గోదా పక్కన కొంగలు కూర్చుని వింటాయి. ఆట అయిపోగానే విన్నదంతా వల్లెవేసుకుంటూ సముద్రం దాటి, ఇవతల ఒడ్డున ఉన్న గోరింకకు అప్పజెబుతాయి. గోరింక అడవంతా వినబడేలా అరిచి చెబుతుంది. మధ్యలో వారం పడుతుంది. ప్రత్యక్షం ప్రత్యక్షమే.

తిమింగలం వీపెక్కి సముద్రం దాటారు. వజ్రపంజాకి దారి పొడుగునా వాంతులే. ఈ సంగతి ప్రసారంలో రాకూడదని కొంగల దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.

అవతలి అడవికి పెద్ద దిక్కు మూపురమ్మ అనే ముసలి అడవిదున్న. ఆవిడ దగ్గరుండి గోదాకి స్థలం చూపించింది. మొదటి ఆటకి ఇసుక వేస్తే రాలనంత జనం. ప్రతివాడూ టిక్కెట్టు కింద ఒక పండు పట్టుకొచ్చాడు. ఉద్దండయ్య పళ్ళ గుట్ట మీదెక్కి ఎండ కాచుకుంటున్నాడు.

గంట మోగింది. బొంతయ్య గుండెలు బాదుకుని గర్జించాడు. చారలయ్య పంజా ఎత్తి, బొంతయ్య చెంపకు జానెడు దూరంలో గాలిని ఫెడీమని కొట్టాడు. బొంతయ్య పద్ధతి ప్రకారం "చచ్చాన్రా దేవుడో!" అని అరిచి పల్టీలు కొట్టాడు.

అంతే, జనమంతా ఒక్కసారిగా లేచి గోదాలోకి దూకారు.

జింకలు పులి నడుం పట్టుకుని వెనక్కి లాగాయి. ఒక కుందేలు ఆయన మెడకు వేలాడి, చెంపలు రెండూ పట్టుకుని, "కోపం తగ్గించుకో మామా, నా మాట విను, ఈ వయసులో గుండెకి మంచిది కాదు," అని బతిమాలింది. అడవిపందులు ఎలుగుకి ఆకులతో విసిరాయి. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు.

మూపురమ్మ నిదానంగా వచ్చి మధ్యలో చతికిలబడింది. "ఇప్పుడు చెప్పండి నాయనా. గొడవ ఎక్కడ మొదలైంది?"

పులీ ఎలుగూ మొహమొహాలు చూసుకున్నారు. బొంతయ్యకు కంపెనీ రాసిచ్చిన కథ గుర్తొచ్చింది. "వజ్రపంజా నా సింహాసనం దొంగిలించాడు."

"ఇచ్చెయ్యి బాబూ."

"నా దగ్గర లేదమ్మా," అన్నాడు చారలయ్య.

"అమ్ముకున్నావా?"

"అసలు సింహాసనమే లేదమ్మా!"

"మాట మారుస్తున్నాడు, చూశారా," అని కుందేలు చెంపలు వదిలేసి పక్కకు జరిగింది.

ఉద్దండయ్య పళ్ళ గుట్ట దిగి పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా! జనం కూర్చుని చూడాలి, ఇలా దూకకూడదు!"

"ఇద్దరు తన్నుకుంటుంటే కూర్చుని చూస్తారా? మీ అడవిలో పెద్దవాళ్ళు లేరా? మా దగ్గర తగువు కనబడితే ఎక్కడి పని అక్కడ వదిలేసి విడదీయాలి. చూస్తూ ఊరుకున్నవాణ్ణి తర్వాతి తగువులో మధ్యన నిలబెడతాం."

"ఇది ఉత్తుత్తి కొట్లాట అవ్వా."

"ఉత్తుత్తిదైతే అసలుదని చెప్పి మా పళ్ళెందుకు పుచ్చుకున్నావు? తిరిగిచ్చెయ్యి."

"అసలుదే అవ్వా, అసలుదే!"

"మరి విడదీయొద్దూ?"

ఉద్దండయ్య నాలుక ముందే చీలి ఉందేమో, ఒక చీలిక అవుననీ ఒక చీలిక కాదనీ చెప్పలేక లోపలికి పోయింది.

రెండో ఆటకి గోదా చుట్టూ ముళ్ళకంచె కట్టించాడు. ముళ్ళపందులు ముందు నడిచి దారి చేశాయి. మూడో ఆట ఏటి మధ్య బండ మీద పెట్టాడు. మొసళ్ళు వచ్చి విడదీశాయి. ప్రతిసారీ అదే మంచినీళ్ళు, అదే సింహాసనం.

కంపెనీ మునిగిందని ఉద్దండయ్య తల పట్టుకుని కూర్చున్న సమయానికి కొంగలు రొప్పుకుంటూ వచ్చి వాలాయి.

"అయ్యా, మన అడవి ఊగిపోతోంది! సింహాసనం ఏమైందో తేలక ఎవరికీ నిద్రల్లేవు. ఒకచోట నక్కలు రెండు జట్లుగా విడిపోయాయి. కుస్తీ తగ్గించి పంచాయితీ పెంచమంటున్నారు!"

ఉద్దండయ్య అమాంతం లేచి చిందులు తొక్కాడు. అప్పటికప్పుడు కొత్త కథ అల్లి బొంతయ్యను పిలిచాడు.

"ఆఖరి రోజు మహా పంచాయితీ. నువ్వు బాగా ఏడవాలి. సింహాసనం నువ్వే దాచావని ఒప్పుకుని పులి కాళ్ళు పట్టుకోవాలి. పట్టుకోగానే కొంగలు లేచిపోతాయి. ప్రసారం సమాప్తం."

"మరి నా గెలుపు?"

"గెలుపు ఇప్పుడెవరికి కావాలోయ్? పంచాయితీలో గెలుపేమిటి?"

"మాటిచ్చారండీ."

"ఇచ్చాను. వేలిముద్ర వేసింది మాత్రం నువ్వు."

ఆ పూట బొంతయ్య చెదపురుగుల్ని ముట్టలేదు. అవి బతికిపోయాయి.

మహా పంచాయితీ రోజు వచ్చింది. ఏనుగులు కూడా ఇరుక్కుని కూర్చున్నాయి. కొంగలు మెడలు సాచి సిద్ధంగా ఉన్నాయి. మూపురమ్మ గొంతు సవరించుకుంది.

"చెప్పు నాయనా, నీ బాధేమిటి?"

ఆవిడ ఎప్పుడూ అడిగే మాటే. ఆ రోజు మాత్రం అది నేరుగా బొంతయ్య కడుపులోకి పోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన బాధేమిటని అడిగినవాడు ఒక్కడూ లేడని గుర్తొచ్చి, నిజంగానే బావురుమన్నాడు. ఏడుస్తూ పోయి చారలయ్య కాళ్ళ మీద పడ్డాడు.

"అద్భుతం!" అన్నాడు ఉద్దండయ్య. కొంగలు రివ్వున ఎగిరిపోయాయి.

బొంతయ్య మాత్రం కాళ్ళు వదల్లేదు. "సింహాసనమూ లేదు, గాడిదగుడ్డూ లేదు తల్లీ. నాకొక కూతురుంది. వాళ్ళ నాన్న ఒక్కసారి గెలిచాడని వినాలని దాని ఆశ. ఈ ఉద్దండయ్య గెలిపిస్తానని మాటిచ్చి ఎగ్గొట్టాడు. నేనిక వెళ్ళి దాని మొహం ఎలా చూడను?"

జనం ముక్కులు చీదుకున్నారు. అప్పుడు పులి నోరు విప్పాడు.

"నిజమే అమ్మా. నాకూ గెలిచి గెలిచి నడుం పడిపోయింది. ఒక్కసారి హాయిగా వెల్లకిలా పడి, మూడు అనేదాకా లేవకుండా పడుకోవాలని ఎన్నాళ్ళుగానో కోరిక. రాసేవాళ్ళు రాయరు."

మూపురమ్మ నెమరు ఆపింది. ఆవిడ నెమరు ఆపిందంటే తీర్పు వస్తున్నట్టే.

"వీళ్ళిద్దరికీ తగువే లేదు. తగువంతా మాటిచ్చిన ఉడుముతో. ఆట జరగాలి, ఎలుగు గెలవాలి. ఈ ఒక్కసారికి ఎవరూ విడదీయొద్దు. ఇక ఉద్దండయ్యా, ఇన్ని కొట్లాటలు చూస్తూ ఊరుకున్నావు కదా, నువ్వు పోయి మధ్యన నిలబడు."

గంట మోగింది. విడదీయకుండా ఉండటం ఆ జనానికి చేతకాదు. పాపం ఒకరి తోక ఒకరు పట్టుకుని, కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి కూర్చున్నారు. కుందేలు అయితే తన చెవులు తానే కొరుక్కుంది.

చారలయ్యా బొంతయ్యా అలవాటు ప్రకారం దెబ్బలన్నీ గాలికే వదిలారు. గాలి ఉండాల్సిన చోట ఉద్దండయ్య ఉన్నాడు. కంపెనీ పెట్టిన తర్వాత మొట్టమొదటి నిజమైన దెబ్బ యజమానికే తగిలింది. రెండోది కూడా. మూడోదానికి ఆయన గోదా అవతల పళ్ళ గుట్టలో తేలాడు.

బొంతయ్య చెయ్యి ఇంకా తాకకముందే చారలయ్య "అమ్మయ్య!" అంటూ వెల్లకిలా పడ్డాడు. "ఒకటి! రెండు! మూడు!" అని అడవంతా అరిచింది. ఏనుగులు బొంతయ్యను తొండాల మీద ఎగరేశాయి. అంత ఎత్తునుంచి ఆయన చూసిందొక్కటే, కొంగలు కూర్చున్న కొమ్మ ఖాళీగా ఉంది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఇవతలి ఒడ్డున జనం కిక్కిరిసి ఉన్నారు. అందరికంటే ముందు నేరేడు నిలబడింది. పులీ ఎలుగూ భుజాల మీద చేతులేసుకుని తిమింగలం దిగారు.

"అయ్యో, కలబడుతున్నారు, విడదీయండి!" అని ఎవరో అరిచారు.

ఇన్నాళ్ళుగా గోరింక నోట పంచాయితీలు విని విని ఆరితేరిన జనం! ఒక్క ఉదుటున దూకి ఇద్దర్నీ చెరో వైపుకి లాగారు. మంచినీళ్ళు తెచ్చారు. ఎవరో చారలయ్య చెంపలు పట్టుకుని "కోపం తగ్గించుకో మామా," అన్నారు. ఒంటినిండా ఆకు కట్లతో దిగిన ఉద్దండయ్య ఆ దృశ్యం చూసి, ఇక ఇక్కడ కూడా ఆట సాగదని అర్థమై ఇసుకలో కూలబడ్డాడు.

నేరేడు తండ్రి దగ్గరకొచ్చింది. "నాన్నా, నువ్వు పులి మామ కాళ్ళు పట్టుకున్నావట. గోరింకత్త చెప్పింది."

"పట్టుకున్నాను తల్లీ. ఆ తర్వాత గెలిచాను."

"గోరింకత్త అది చెప్పలేదే."

"నాకు అప్పజెప్పనిది నేనెలా చెప్తాను?" అంది కొమ్మ మీది గోరింక. "ప్రసారం కాలేదంటే జరగలేదనే లెక్క."

 నేరేడు నేల చూపులు చూసింది. బొంతయ్య బొచ్చు మళ్ళీ వాలిపోయింది.

చారలయ్య ఆ పిల్ల వంక చూశాడు. తడి ఇసుకలో వెల్లకిలా పడుకున్నాడు. "రావోయ్ బొంతయ్యా."

బొంతయ్య ఆయన గుండె మీద చెయ్యి వేశాడో లేదో, "మళ్ళీ మొదలెట్టారు!" అంటూ జనం బొంతయ్యను లాక్కుపోయారు. ఇంకొందరు పులిని లేపబోయారు. చెవులు పట్టి లాగారు, తోక పట్టి గుంజారు. చెక్క కోర ఊడి పడింది. చారలయ్య వీపు మాత్రం ఇసుక మీంచి లేవలేదు.

"ఒకటి," అంది నేరేడు, సందేహంగా.

జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"రెండు."

"లేవయ్యా!" అని ఉద్దండయ్య కట్లు విదిలించుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఒప్పందం ప్రకారం నువ్వు..."

చారలయ్య గుర్రు పెట్టాడు.

"మూడు! మూడు! మా నాన్న గెలిచాడు!" అని నేరేడు వెల్లకిలా పడి ఒడ్డంతా దొర్లింది. బళ్ళోని కోతిపిల్లలు కూడా ఆగలేక ఆ పిల్లతోపాటే దొర్లాయి. బొంతయ్య నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియక జనం ఆయనకింకో దొన్నె మంచినీళ్ళిచ్చారు.

నీతి: న్యాయంగా గెలవాలంటే బలముంటే చాలదు, మనస్ఫూర్తిగా ఓడిపోయే స్నేహితుడు కూడా ఉండాలి.