పొగ, మంచు, త్రాయ్కో బూట్లు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక సందేహం. చర్చిలో ధూపంతో పాటు మన ప్రార్థనలూ పైకి పోతాయని ఫాదర్ చెబుతారు. మరి చలికాలమంతా మా పట్నం నెత్తిన మూతలా కూర్చునే పొగను దాటి అవి ఎలా పోతాయి?

ఇన్నాళ్ళకు తేలింది. ఆ పొగే మాకు వరం!

బడిలో చదువుకున్నాం కదా? గాలిలో నీటి తుంపరలు తేలితే పొగమంచు, ఘనరేణువులు తేలితే పొగ. రెండూ ఏరోసాల్ అనే కొలాయిడ్‌లే. వేరే ఊళ్ళ పిల్లలు వీటిని బొమ్మల్లో చూసి బట్టీ పడతారు. మా పిల్లలకు కిటికీ తెరిస్తే చాలు. పొద్దున్నే వార్దర్ నది మీంచి మొదటి రకం, సాయంత్రం ఇళ్ళు వెచ్చబెట్టే కట్టెల పొయ్యిల గొట్టాల్లోంచి రెండో రకం. పైగా పక్కవాడు కొత్త కారు కొన్నా కనబడదు. కడుపుమంటే ఉండదు.

పొయ్యిలతో పనిలేకుండా ఇళ్ళను వెచ్చబెట్టే వేడినీటి గొట్టాలు ఊరంతటికీ వేస్తామని ప్రతి ఎన్నికలకూ మాటిచ్చే పెద్దలు కూడా, "కిటికీలు మూసుకోండి" అని ఎంత ప్రేమగా చెబుతారు!

రెండో రకంలో మా పొరుగింటి త్రాయ్కోది అందె వేసిన చెయ్యి. రంగు వేసిన కిటికీ చెక్కలు, పాత బూట్లు, అన్నీ పొయ్యిలోకే. అతని గొట్టం సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురు.

మా ఆవిడ రిస్తానాకు మాత్రం సైన్సు పడదు. మా ఇంటిని కాచే పునీతుడు నికోలా పండుగకు, ఫాదర్ వచ్చి దీవించే రొట్టెకు పిండి పిసుకుతూ, దగ్గు ఆగక, పిండి చేతులతోనే కూలబడింది.

"ఆ గొట్టం ఆగేదాకా నావల్ల కాదు. రొట్టె లేకుండానే ఫాదర్‌ని పిలుచుకో," అంది.

కోపంగా వెళ్ళాను. "బూట్లు కాలుస్తావేంటయ్యా?"

"తడి కట్టెలు ఊరికే అంటుకుంటాయా అన్నా? నా ఎండు ఓక్ కట్టెలు మీ పాప పుట్టిన చలికాలం అరువు పట్టుకెళ్ళావు. ఆ పాపకిప్పుడు పెళ్ళీడొచ్చింది."

వెనక్కి వచ్చి, మా కొట్టంలోని ఎండు ఓక్ కట్టెలు తోపుడు బండి నిండా వేసి అతని గుమ్మంలో దింపాను.

"ఇప్పటికి గుర్తొచ్చిందా?" అన్నాడు.

"మీ వదిన దగ్గు గుర్తు చేసిందిలే."

సాయంత్రానికి అతని గొట్టంలోంచి పొగ సన్నటి దారంలా లేచింది. రొట్టె పొంగింది. ఫాదర్ వచ్చి ధూపం వేశారు. ఆ పూట మా ఇంట్లో తేలిన ఏరోసాల్ అదొక్కటే. రిస్తానా దగ్గలేదు.

నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను: ప్రభూ, ఊరికి వేడినీటి గొట్టాలు బాకీ పడ్డ పెద్దల ఇళ్ళలోనూ ఎవరికైనా కాస్త దగ్గు ప్రసాదించు. నా బాకీ తీరింది దానివల్లే కదా.