సిపాయిలు యాడికి పోయినారు

1942 ఏప్రిల్‌లో ఒక మంగళవారం ఉదయం ఆరు గంటలకు డోన్ స్టేషన్‌లో పాయింట్స్‌మన్ హనుమన్న డ్యూటీ దిగాడు. రైళ్లను ఒక పట్టా మీది నుంచి ఇంకో పట్టా మీదికి మళ్లించడం అతని పని. ఆ రోజుకు అతను మూడు పనులు అనుకున్నాడు. వలి సాహెబ్ అంగట్లో టీ తాగడం, మధ్యాహ్నం దాకా నిద్రపోవడం, సాయంత్రం భార్య ఈరక్కను టెంటు సినిమాకు తీసుకుపోవడం. ముందు రోజు సాయంత్రం ఒక్కడే వెళ్లి చూసి వచ్చాడు. అతను సినిమా చూడటం అదే మొదలు. ఆడవాళ్లు చూడదగినదో కాదో తేల్చుకుని రమ్మని ఈరక్కే పంపింది.

ఆ నెలలో ఊరు భయంతో ఉంది. జపాను వాళ్లు మద్రాసు మీద బాంబులు వేస్తారని చెప్పుకుంటున్నారు. మద్రాసు వదిలిన కుటుంబాలు గుత్తిలో రైలు మారి, ట్రంకుపెట్టెలతో డోన్‌లో దిగుతున్నాయి. స్టేషన్‌లో ఒక నోటీసు అంటించారు. సిపాయిల గురించి బయట మాట్లాడిన రైల్వే ఉద్యోగికి ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడుతుంది. స్టేషన్ మాస్టరు దాన్ని చదివి వినిపించి అందరి చేతా వేలిముద్రలు వేయించాడు. అందులో హనుమన్నదీ ఉంది.

"ఏమప్పా హనుమన్నా, బొమ్మ యెట్లుండాది?" అని వలి సాహెబ్ టీ గ్లాసు చేతికిచ్చాడు.

"బాగుండాది సాహెబూ. రాక్షసుడు శానా బాగా చేసినాడు. రాణి పాడింది గాని, గూడ్సు బండి దాటిపోయేంత సేపు పాడింది."

"మా ఇంట్లో ఆడోళ్లు చూడొచ్చునా?"

"చూడొచ్చు. ఆయమ్మ తల మీద గుడ్డ తియ్యనే ల్యా. ఒగటి మటుకు నాకు నచ్చల్యా." హనుమన్న గ్లాసు కింద పెట్టాడు. "ఆ సిపాయిలు. తుపాకులు పట్టుకోని, లారీలెక్కి, వేలమంది వచ్చిరి. ఏం కవాతు, ఏం ఫిరంగులు! ఇంగ రాక్షసుని పని అయిపోయెనని నేననుకుంటి. ఊర్లు ఊర్లే కాలుస్తాంటే ఒగడన్నా వచ్చినాడా? సిపాయిలంతా పారిపోయినారు సాహెబూ."

"అందరూనా?"

"అందరూ. నా కండ్లారా చూసినా గదా!"

టెంటు యజమాని మౌలా సాహెబ్ పురాణ చిత్రానికి ముందు సర్కారు పంపిన యుద్ధపు చిత్రం పది నిమిషాలు వేస్తున్నాడు. రెండూ వేర్వేరని హనుమన్నకు ఎవరూ చెప్పలేదు.

శెనక్కాయల వ్యాపారి శేషన్న టీకి వచ్చి అంగడి గడపలో ఆగిపోయాడు. "ఊర్లు ఊర్లే కాలుస్తాంటే" అన్న చోటి నుంచి అతను విన్నాడు. మాట్లాడుతున్న మనిషి తల మీద రైల్వే టోపీ చూశాడు. టీ తాగకుండానే వెనక్కి తిరిగాడు. ఆ పూట అతను టీ తాగకపోవడాన్ని వలి సాహెబ్ గమనించాడు గాని, కారణం అడగలేదు.

హనుమన్న ఏడు గంటలకు ఇంటికి చేరి పడుకున్నాడు. ఎనిమిదికి శేషన్న ఇంట్లో ఇత్తడి సామాను బావిలోకి దించారు. పదికి బజారులో అంగళ్లు మూశారు. పదకొండుకు జనం నోట మద్రాసు జపాను వాళ్ల చేతికి పోయింది. పన్నెండుకు శత్రువులు ఒంటిమిట్ట కాల్చి కడప దారి పట్టారు. ఒంటిగంటకు ఈ సంగతి హనుమన్న ఇంటికి వచ్చింది.

"లెయ్యయ్యో, లెయ్యి! సిపాయిలంతా పారిపోయినారంట. ఊర్లు కాలుస్తాండారంట!" ఈరక్క అతన్ని భుజం పట్టి కుదిపింది.

హనుమన్న లేచి కూర్చున్నాడు. "ఎవురు చెప్పినారే?"

"రైల్వేలో పెద్ద అధికారి చెప్పినాడంట. కండ్లారా చూసినాడంట."

"అధికారి చెప్పినాడంటే నిజమే. నేను ఈ పొద్దు దాకా సిపాయిల్ని నమ్ముకోని ఉండానే. నిన్న టెంటులో చూస్తినా, వాళ్లూ ఇంతే చేసిరి."

"సినిమా మాట ఇప్పుడెందుకయ్యా? పత్తికొండ పక్క మా అన్నోళ్ల ఊరికి పోదాం పా."

"డ్యూటీ?"

"తల పోయినాక టోపీ యాడ పెట్టుకుంటావు?"

ఆమె రెండు మూటలు కట్టింది. హనుమన్నకు రెండు భయాలు పట్టుకున్నాయి. ఉంటే శత్రువులు చంపుతారు. చెప్పకుండా పోతే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం కోసం అతను మూడేళ్లు తిరిగాడు, వర్షం లేని ఆరెకరాల చేను తమ్మునికి వదిలి వచ్చాడు. సెలవు అడిగి పోదామని మూటలతో స్టేషన్‌కు బయలుదేరారు.

ప్లాట్‌ఫారం మీద నిలబడే చోటు లేదు. రైలు వస్తే ఎక్కాలని అందరూ వచ్చారు, ఎటు పోయే రైలో ఎవరూ అడగడం లేదు. స్టేషన్ మాస్టరు గది ముందు బల్ల వేసుకుని కర్నూలు నుంచి వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. ఈ పుకారు పుట్టించినవాణ్ణి పట్టుకోకుండా తిరిగి రావద్దని అతనికి తాఖీదు వచ్చింది.

"పుకారా?" అని హనుమన్న పక్కవాణ్ణి అడిగాడు. "అంటే సిపాయిలు పారిపోల్యా?"

"పోలేదంట. యెవుడో నాకొడుకు పుట్టించినాడంట."

హనుమన్నకు ప్రాణం లేచి వచ్చింది. మూట దించి ముందు వరసలోకి వెళ్లాడు. "వాన్ని వదలగూడదు సామీ," అన్నాడు గట్టిగా. "ఆడోళ్లు బెదిరి సస్తాండారు."

ఇన్‌స్పెక్టరు అతనికేసి చూసి తల ఊపి, తపాలా గుమాస్తాను పిలిచాడు. "నీకెవరు చెప్పారు?"

"కంసాలి బొజ్జన్న చెప్పినాడు సార్. రైల్వే అధికారి చెప్పినాడని."

బొజ్జన్న వచ్చాడు. "అధికారి అని నేనన్ల్యా సామీ. గార్డు అన్యా. నాకు శేషన్న చెప్పినాడు."

శేషన్నను బండి మీది నుంచి దించి తెచ్చారు. భార్య, పిల్లలు, పరుపులు బండిలోనే ఉన్నాయి. "గార్డు అని నేనన్ల్యా సామీ. రైల్వే మనిషి అన్యా. పొద్దున టీ అంగట్లో చెప్పినాడు."

"ఎవడు వాడు?"

శేషన్న జనం వైపు తిరిగి వెతకబోయాడు. వెతికే పని లేకపోయింది. "ఇదిగో, మీ ముందరే నిలబడుకోనుండాడు సామీ."

హనుమన్న వెనక్కి చూశాడు. వెనక ఈరక్క ఒక్కతే ఉంది.

"సిపాయిలు పారిపోయారని అన్నావా లేదా?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"అన్యా సామీ. అది సినిమాలో."

"ఆడేది పురాణం సినిమా. అందులో సిపాయిలెక్కడున్నారు?"

"ఉండారు సామీ. లారీల్లో వచ్చిరి."

"పురాణంలో లారీలా?" ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు. "టెంటు వాణ్ణి పిలవండి."

మౌలా సాహెబ్ పరుగున వచ్చాడు. అతని భయం అతనికుంది. టెంటు లైసెన్సు నెల చివర మళ్లీ రాయించుకోవాలి. "లేదు హుజూర్. మా సినిమాలో సిపాయిలు లేరు, తుపాకులు లేవు. అన్నీ బాణాలే."

"ఏం సాహెబూ, నిన్న వాళ్లు వచ్చినప్పుడు నువ్వే ఈల వెయ్యమంటివే!" అన్నాడు హనుమన్న.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద హనుమన్న పేరు రాశాడు. పక్కన ఊరు రాశాడు. ఈరక్క మూట వదిలేసి ముందుకు వచ్చింది. "సామీ, ఆయప్పకు అబద్ధం చెప్పేది రాదు. వస్తే శానా ఆస్తి ఉండాదని చెప్పి మా అన్న కూతుర్ని చేసుకోనుంటాడు, నన్ను కాదు."

"ఏమే, ఇప్పుడా ఆ మాట?"

జనంలో ఎవరో నవ్వారు. మౌలా సాహెబ్ మటుకు నవ్వలేదు, నుదురు పట్టుకున్నాడు. "హుజూర్, ముందు వేసేది! మీరు పంపింది, యుద్ధం బొమ్మ! ఈ మనిషి రెండూ ఒగటే కథ అనుకున్నాడు."

ఇన్‌స్పెక్టరు కలం ఆపాడు. "రాక్షసుణ్ణి చంపడానికి సర్కారు సిపాయిలు వస్తారనుకున్నావా?"

"మా ఊర్లో తోలుబొమ్మలాటలో మొదట వచ్చిన బొమ్మ మల్లా రాకుండా ఆట అయిపోదు సామీ. తెల్లార్లూ కాసుకోనన్నా ఉంటాం. వీళ్లు వస్తారని నేను చివరి దాకా చూస్తి. ఇంటికి పొమ్మని దీపాలు ఎలిగించినాక గూడా కూర్చోనుంటి."

"అది నిజమే హుజూర్," అన్నాడు మౌలా సాహెబ్. "మేమే లేపి పంపిస్తిమి."

ఇన్‌స్పెక్టరు తాను రాసింది ఒకసారి చదువుకున్నాడు. నేరం రాసుకుంటే, సర్కారు సిపాయిలు రాక్షసునికి భయపడ్డారన్న మాట కూడా ఫైలులోకి ఎక్కించాలి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉద్యోగం ఉంటుందన్నాడు, ఒక షరతు మీద. టెంటు ఉన్నన్నాళ్లూ ఆట మొదలయ్యే ముందు హనుమన్న రైల్వే టోపీతో తెర ముందు నిలబడి, సిపాయిలు వేరు, కథ వేరు, సిపాయిలు ఎక్కడికీ పారిపోలేదు అని జనానికి చెప్పాలి.

హనుమన్న ఒప్పుకున్నాడు. స్టేషన్ మాస్టరు నాలుగు ముక్కలు రాసిచ్చి బట్టీ పట్టించాడు. మూడు రోజులు అతను తెర ముందు కాళ్లు వణుకుతూ నిలబడి, ఒక్క మాట తప్పకుండా చెప్పి, చెప్పిన వెంటనే డేరా పక్క నుంచి బయటపడి డ్యూటీకి పోయాడు. మూడో రోజు ఈరక్క కూడా చూసింది. రాణి పాట ఇంకొంచెం సేపు ఉండవచ్చునని ఆమెకు అనిపించింది.

నాలుగో రోజు ఉదయం పత్తి బండి తోలుకుని వచ్చిన పల్లెటూరి మనిషి ఒకడు వలి సాహెబ్ అంగట్లో కూర్చుని టీ అడిగాడు.

"రాత్రి బొమ్మ చూసినావంట. యెట్లుండాదప్పా?" అన్నాడు వలి సాహెబ్.

"బాగుండాది. సిపాయిల సంగతి ముందే చెప్పిరి కాబట్టి సరిపోయింది. ఒగటి మటుకు అర్థం కాల్యా. మొదట్లో రైల్వే టోపీ పెట్టుకోని వణుక్కుంటా వచ్చినాడే, ఆయప్ప మల్లా కనపడనే ల్యా. పారిపోయినట్లుండాడు."

గడపలో నిలబడి ఉన్న శేషన్న ఆ పూట కూడా టీ తాగలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు పై ఆఫీసు నుంచి స్టేషన్ మాస్టరుకు తంతి వచ్చింది. డోన్ పాయింట్స్‌మన్ హనుమన్న పరారీలో ఉన్నట్టు తెలిసిందని, అతని స్థానంలో వేరొకరిని పంపుతున్నామని అందులో ఉంది. తంతి గుమాస్తా దగ్గర నుంచి ఆ కాగితాన్ని తెచ్చి మాస్టరు బల్ల మీద పెట్టినవాడు హనుమన్నే.