ఇసుక బస్తాలకు మోకాళ్లుండవు

నా భార్యను చంపింది ఇసుక బస్తాలు. ఇందులో వాదించడానికేమీ లేదు.

పదాతి దళ యుద్ధ వాహనం అంటే తెలియనివారి కోసం చెబుతాను. కాలినడక సైనికుల్ని కడుపులో పెట్టుకుని, శత్రువు ముంగిట దించి, వాళ్ల వెనకే నిలబడి ఫిరంగి పేల్చే ఇనుప బండి. మా కర్మాగారం దాన్ని తయారు చేయడానికి పూనుకున్నప్పుడు నేను రంగులేసేవాణ్ణి. మా ఆవిడ కుట్టు షెడ్డులో ఉండేది.

బండిలో ఎనిమిది మంది సైనికులు పట్టాలన్నది మొదటి షరతు. ఆ తర్వాత పెద్దలు ఒక్కొక్కరే వచ్చి తమ తమ దేశభక్తిని అందులో పెట్టి వెళ్లారు. ఒకరు ఫిరంగిని పెద్దది చేయించారు. ఇంకొకరు క్షిపణులు పెట్టించారు. ఆ బరువు లాగడానికి ఇంజను పెరిగి వెనక్కి జరిగింది. బండి నదిలో ఈదాలన్నారు మరొకరు. ఈదించాం. తాళ్లు కట్టి ఒడ్డుకు లాగాం. నదీగర్భాన్ని సైతం విజయవంతంగా పరిశీలించిందని నివేదిక వెళ్లింది. చివరికి సైనికులకు మిగిలిన చోటు మా వంటింటి గూడంత.

అయినా ప్రతి పరీక్షలోనూ ఎనిమిది మంది పట్టారు. పరీక్షలకు సైనికుల్ని ఎక్కించరు. మనిషి బరువుకు ఇసుక నింపిన బస్తాల్ని ఎక్కిస్తారు. బస్తాలు క్రమశిక్షణ గలవి. వాటికి మోకాళ్లుండవు, చెమట పట్టదు, ఒకదాని మీద ఒకటి పడేసినా పరువు పోయిందనుకోవు. పరీక్ష అయ్యాక కూలీలు వెనక తలుపును బయటినుంచి తీసి దించుకుంటారు. ఇన్ని పరీక్షల్లో లోపలి గడియను ఒక్కరూ ముట్టలేదని బరువు తగ్గింపు సంఘం కనిపెట్టింది. వాడుకలో లేని భాగమని తీర్మానించి పీకించింది. కనిపెట్టినాయనకు పతకం ఇచ్చారు.

"ఏమయ్యా, మరి లోపలివాళ్లు ఎలా దిగుతారు?" అంది మా ఆవిడ, బస్తా మూతి కుడుతూ.

"నీ బస్తాలు ఎప్పుడైనా దిగుతామన్నాయా?"

"నీకన్నా అవే నయం. చెప్పిన చోట కూర్చుంటాయి."

ప్రదర్శనకు మంత్రిగారు వస్తున్నారనీ, ఆ రోజు బండిలో మనుషులే ఉండాలనీ కబురొచ్చింది. సైనికుల్ని ఎక్కించి చూశారు. మోకాళ్లు గడ్డానికి తగిలి ముగ్గురితోనే నిండిపోయింది. ప్రధాన ఇంజనీరు కంగారుపడలేదు. కుట్టు షెడ్డుకు వచ్చి ఎనిమిది మంది పొట్టి ఆడవాళ్లను ఏరి హెల్మెట్లు పెట్టించాడు. మా ఆవిడ నా భుజం దాకా కూడా రాదు.

"నేను తిరిగొచ్చాక సెల్యూట్ కొట్టాలి నువ్వు" అంది, కళ్ల మీదికి జారిన హెల్మెట్ ఎత్తుకుంటూ.

"బస్తాలకెవడు కొడతాడే, పో!" అన్నాను.

బండి గుట్టలెక్కింది, కందకాలు దాటింది. మండుటెండలో మైదానం మధ్య ఆగింది. ఇంజను మాత్రం ఆపలేదు, ఆపితే మళ్లీ అందుకుంటుందన్న నమ్మకం లేక. దాని వేడీ, పొగా ఆడవాళ్లు కూర్చున్న గదిలోకే పోతున్నాయి. డ్రైవరు ముందువైపు తన మూత తెరుచుకుని నిలబడి సెల్యూట్ చేశాడు. ఉపన్యాసం మొదలైంది.

"ఈ బండిలోకి చీమైనా దూరలేదు! ఇందులో కూర్చున్న బిడ్డలు తల్లి ఒడిలో ఉన్నట్టే!" అన్నారు మంత్రిగారు.

లోపలినుంచి దబదబ చప్పుడు వినబడింది.

"వింటున్నారా? ఇది మన జాతి గుండె చప్పుడు!"

మైదానమంతా చప్పట్లు. నేను జనం ముందు కట్టిన తాడు దాటి పరుగెత్తబోతే కాపలావాళ్లు రెక్కలు విరిచిపట్టుకున్నారు. ఉపన్యాసం మధ్యలో కదలడం మర్యాద కాదట. జాతి గుండె చప్పుడు నెమ్మదించింది. తర్వాత ఆగింది. ఉపన్యాసం ఆగలేదు.

తలుపు తీసేసరికి ఏడుగురు స్పృహలో లేరు. వాళ్లు బతికారు. తలుపు పక్కన కూర్చున్న మా ఆవిడ బతకలేదు. గడియ పీకేసిన చోట ఆవిడ చెయ్యి ఇంకా ఆనించే ఉంది.

విచారణ సంఘం బండిలో ఏ లోపమూ లేదని తేల్చింది. బస్తాల కోసం ఆమోదించిన వాహనంలో మనుషులు ఎక్కడమే నియమోల్లంఘన అంది. సైన్యం బండ్లు కొనుక్కుంది. మొదటిదానికి మా ఆవిడ పేరు పెట్టి కూడలిలో దిమ్మె మీద నిలబెట్టారు. మీరు పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తున్నది దాన్నే. ఆ రోజు మైదానంలో ఉన్నదీ మీరే. చప్పుడు విన్నారు. చప్పట్లు కొట్టారు.

ఏటా సంస్మరణ సభకు పిలిచి రెండు మాటలు చెప్పమంటున్నారు. చెప్పాను. ఇక ఈ సంగతి నా నోట రాదు.