గొంతుకు అడ్డంపడే భాగ్యం

లోకంలోకెల్లా గొప్ప తిండి ఏదంటే, తింటే ప్రాణం పోతుందేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోయే తిండే! నా మాట నమ్మండి. ఎనభై ఏడేళ్ళదాన్ని, అబద్ధమాడి ఏం కట్టుకుపోతాను?

మోచి సంగతే చెబుతున్నా. జిగురు బియ్యం ఉడికించి దంచి చేసే ముద్ద. మా తకమత్సు ఊళ్ళో దాని కడుపులో ఎర్రగింజల పూర్ణం పెట్టి, సోయా గింజలు పులియబెట్టి చేసే తెల్ల మిసో పులుసులో వేసి, కొత్త సంవత్సరం పొద్దున తింటాం. పైఊళ్ళవాళ్ళు "పులుసులో తీపేంటి!" అని మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. వాళ్ళ వాటా కూడా మేమే తింటాం.

ఏటా పండగ వెళ్ళగానే పేపర్లో వార్త పడుతుంది. మోచి గొంతుకు అడ్డంపడి ఫలానా ఊళ్ళో ఓ ముసలాయన, ఇంకో ఊళ్ళో ఓ ముసలావిడ. పాపం, పోయినవాళ్ళకో దణ్ణం. ఆ వార్త వేసినవాళ్ళకి రెండు దణ్ణాలు! ఎందుకంటే, ఆ వార్త చదివినప్పటినుంచే కదా మా ఇంట్లో నా వైభోగం మొదలైంది.

మా అబ్బాయి యసుహికోకి అరవై దాటాయి. డిసెంబరు రాగానే పేటలో ఏదో క్లాసుకి వెళ్తాడు. గొంతుకు అడ్డంపడితే ముసలివాళ్ళ వీపు మీద ఎక్కడ చరచాలో, ఎంత గట్టిగా చరచాలో నేర్పుతారట. ఇంటికొచ్చి దిండు మీద ప్రాక్టీసు! నిరుడు ఎంత శ్రద్ధగా బాదాడంటే, దిండు కుట్లు విడిపోయి లోపల కూరిన గింజల పొట్టంతా చాప మీద పడింది.

"బతికిందట్రా?" అన్నాను.

"నవ్వులాట కాదమ్మా," అన్నాడు, పొట్టు ఏరుకుంటూ.

కోడలు సుమియే ఇంకో అడుగు ముందుకేసింది. వాక్యూమ్ క్లీనర్ తెచ్చి నా పక్కన నిలబెడుతుంది. దానికి కారు సీట్ల సందుల్లో దుమ్ము లాగే సన్న గొట్టం తగిలిస్తుంది. మోచి అడ్డంపడితే లాగెయ్యడానికి! ప్లగ్గు పెట్టేసి, స్విచ్చి మీద వేలుంచి కూర్చుంటుంది.

"మీకోసమని గొట్టం వేణ్ణీళ్ళతో కడిగానత్తయ్యా," అంటుంది. ఇంతకన్నా మర్యాద ఏ కోడలు చేస్తుంది, మీరే చెప్పండి!

ఇక మనవరాలు చినాత్సు. కత్తెర పుచ్చుకుని ఒక్క మోచిని నలభై ముక్కలు చేస్తుంది. పూర్ణం ఎటు పోయిందో ఆ దేవుడికే తెలియాలి. పోతే పోయింది. అసలు తీపి పూర్ణంలో లేదు, చినాత్సు పెట్టిన రూల్లో ఉంది. మాట పెగిలితే గొంతు తెరిచి ఉన్నట్టేనని ఎవరో నర్సు చెప్పిందట. అందుకని ముక్క మింగగానే నేను మాట్లాడి తీరాలి.

మొదటేడు నేను "బాగుంది" అన్నాను.

"ఒక్క మాట చాలదు నాయనమ్మా! పొడుగ్గా ఏదైనా చెప్పు," అంది.

పొడుగ్గా! నాకు! ఇక చూస్కోండి.

నలభై ముక్కలు, నలభై కథలు. టీవీ కట్టేస్తారు, ఆ మోతలో నా ఊపిరి వినిపించదని. ఫోన్లు బోర్లా పెడతారు. ఆరు కళ్ళు నా నోటిమీదే. ఏ మంత్రిగారికి దొరుకుతారండీ ఇలాంటి శ్రోతలు? ఆయన ముందు జనం కునుకు తియ్యచ్చు. నా ముందు కునుకు తీస్తే అది హత్య!

ఏడో ముక్కకి మా నాన్న ఉప్పుమళ్ళు. పద్నాలుగో ముక్కకి, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి లేక నా చదువు ఎలా ఆగిపోయిందో. ఇరవై రెండో ముక్కకి పెళ్ళిచూపుల్లో మా ఆయన తుమ్మిన తుమ్ము. ఇంకా వేడిగా ఉందని ఊదుకుంటూ, ఊదుకుంటూ, రెండు గంటలు తింటాను.

నిరుడు ముప్ఫై ఎనిమిదో ముక్కకి మా అక్క కినుయే కథ ఎత్తుకున్నాను. అక్కని షోదో దీవికి ఇచ్చారు. పెళ్ళికూతురు, పెట్టెలు, పేరంటాళ్ళు, అందరం పడవెక్కాం. నడి సముద్రంలో అక్క దిగ్గున లేచి నిలబడి, పడవవాడితో "వెనక్కి తిప్పు" అంది.

అంతే, గిన్నె ఖాళీ!

వాక్యూమ్ క్లీనర్ వైరు సర్రున లోపలికి పోయింది. "హమ్మయ్య, గండం గడిచింది," అని మావాడు టీవీ పెట్టాడు. బోర్లాపడ్డ ఫోన్లు వెల్లకిలా తిరిగాయి.

పోన్లే, మళ్ళీ ఏడాది ఉందిగా అనుకున్నాను. కథ ఎక్కడ ఆగిందో మర్చిపోకుండా ఏడాదంతా దాచుకున్నాను.

ఈ ఏడు సుమియే ఓ పెట్టె తెచ్చింది. పెద్దవాళ్ళ కోసమే చేసిన మోచి అట. నమలక్కర్లేదు, ఎక్కడా అంటుకోదు, చెంచాతో నొక్కితే కరిగిపోతుంది.

"ఇక హాయిగా తినండత్తయ్యా. మిమ్మల్నెవరూ విసిగించరు!"

అన్నట్టే ఎవరూ విసిగించలేదు. యసుహికో టీవీలో పరుగుపందెం చూస్తున్నాడు. చినాత్సు ఫోన్లో ఉంది. వాక్యూమ్ క్లీనర్ మెట్లకింద అరలో పడుకుంది.

నేనో చెంచా మింగి, "ఆ పడవ ఉంది చూశారూ..." అన్నాను.

"ఇప్పుడు మాట్లాడక్కర్లేదు నాయనమ్మా, ప్రశాంతంగా తిను."

దగ్గి చూశాను. "మంచినీళ్ళు తాగమ్మా," అన్నాడు మావాడు, తల తిప్పకుండా.

పావుగంటలో తినడం అయిపోయింది. ఎంత క్షేమం! ఎంత సుఖం!

ఆ మెత్తటి మోచి కనిపెట్టిన అయ్యలారా, మీకు పుణ్యముంటుంది. కానీ ముసలివాళ్ళ గొంతులో అడ్డంపడేది మోచి ఒక్కటే అనుకున్నారా? ఏడాదయింది. మా అక్క పెళ్ళిబట్టల్తో నడి సముద్రంలో నిలబడే ఉంది. "తర్వాత ఏమైంది?" అని ఈ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

నేనేమైనా ఊరుకునే మనిషినా? మర్నాడు పొద్దున సుమియే గిన్నెలు తుడుస్తుంటే వంటింట్లోకి వెళ్ళాను.

"వచ్చే ఏడు నాకు మోచి వద్దు. పండగలకి వండే ఎర్రటి తాయి చేప పెట్టు. తలకాయతో, ముళ్ళు తియ్యకుండా."

"ముళ్ళతోనా! గొంతులో గుచ్చుకుంటేనో అత్తయ్యా?"

చేతిలో గుడ్డ ఆగిపోయింది. సుమియే కళ్ళు నా నోటిమీదికి వచ్చేశాయి.

"గుచ్చుకుంటే మాట పడిపోతుంది. అందుకే చెప్పాల్సిందేదో ఇప్పుడే చెప్పేస్తాను," అన్నాను. "ఆ స్టూలు లాక్కుని కూర్చో."