బాణం గుర్తు రాయి

ఆనాటి ఉదయం లక్ష్మీనరసయ్యగారు పెట్టుకున్న పని ఒక్కటే. భార్య పాదాలను కొలవాలి.

ఓబులమ్మ వంటింటి గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకొని కూర్చున్నది. అవి సామాన్యమైన కాళ్లు కావు. కొడుకునూ, కూతుళ్లనూ, వీధిలో సగంమంది బిడ్డలనూ శుచికి అలవాటు చేసిన కాళ్లు. పసివాణ్ణి రెండు పాదాల మీద కూర్చోబెట్టుకొని, పని పూర్తయ్యేదాకా కదలకుండా, విసుక్కోకుండా ఉండడమే మార్కాపురంలో తరతరాలుగా వస్తున్న పద్ధతి. అయితే ఆ ఏటి వానలతోపాటు ఆమె మోకాళ్లలోకి వాతం దిగింది. కోడలు నెలలు నిండిన మనిషి. రెండేళ్ల మనవడు చెన్నకేశవులు మాత్రం పాదాలు తప్ప మరొక ఆసనాన్ని అంగీకరించడం లేదు. అంగీకరించక బిగబట్టుకుంటున్నాడు. పొట్ట మద్దెలలా బిగిసింది. ఆముదం ఓడిపోయింది. ఇంకా ఇట్లాగే ఉంటే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పి పంపాడు.

ప్రయత్నలోపం లేదు. గిద్దలూరు బళ్లో పంతులుగా ఉన్న కొడుకు, తెల్లదొరల పిల్లలు వాడే ఎనామిలు పాత్రను మద్రాసు నుంచి తెప్పించి పంపాడు. చెన్నకేశవులు దాన్ని తలకు పెట్టుకొని సాయంత్రం దాకా తీయలేదు. ఓబులమ్మ దాన్ని కడిగి అటక మీద పెట్టేసింది. "పాలు కాచుకోను పనికొచ్చేదాన్ని ఆ పనికి వాడమంటాడా? చదువుకున్నాడంటే ఏమో అనుకుంటి" అన్నది. కుమ్మరి చేసి ఇచ్చిన మట్టి మూకుడు మీద వాడు ఎక్కి నిలుచున్నాడు, అది రెండయింది. వడ్రంగి చేసిన చిల్లుపీటను చూసి, చిల్లులో బూచి ఉన్నదని ఏడ్చాడు.

లక్ష్మీనరసయ్యగారు తాలూకా కచేరీలో హెడ్ గుమాస్తాగా పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న మనిషి. ఊళ్లోని హద్దు తగాదాలన్నీ ఆయన చేతుల మీదుగా నడిచినవే. ఇన్ని అర్జీలు చూసిన తన పేరు, వాదిగా గాని ప్రతివాదిగా గాని, ఏ అర్జీలోకీ ఎక్కలేదన్నది ఆయనకున్న ఏకైక గర్వం. అటువంటి మనిషి రెండు రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. మనవడు పాదాలనే కోరుతున్నాడు గనుక, పాదాలనే రాతితో చేయించాలి.

కొలత పూర్తయ్యాక ఓబులమ్మ మనవణ్ణి ముందుకు తోసింది. "వీని తల మీద చెయ్యిపెట్టి చెప్పు. ఆ రాయి ఎందుకో ఎవరికీ చెప్పనని."

"ఎందుకే?"

"ఎందుకేందయ్యా! బిడ్డకు అవుతుందా లేదా అన్న మాట గడప దాటితే దిష్టి తగల్దా? ఇప్పుడే అంతంతమాత్రం. ఆ కాస్తా ఆగిపోతే ఎవరిని అడగాల?"

శాస్త్రప్రమాణం చూపమని అడగాలనిపించినా, మద్దెలలాంటి పొట్టను చూసి ఆయన ఒట్టు వేశారు.

పలకల గనిలో రాయి కొట్టే పాపయ్యకు కొలతలు మాత్రమే అందాయి. పలకరాయి మీద రెండు పాదాలంత గట్లు, నడుమ పల్లం, ఒక కొసన నీరు పోవడానికి కాలువ. "అయ్యా, ఇదేందో చెప్తే ఇంకొంచెం బాగా చేద్దును గదా" అని పాపయ్య బతిమాలాడు.

"కొలతలు చెప్పినా గదా. అంతే" అన్నారు ఆయన. తరువాత కాస్త ఆలోచించి ఇంకొక్క మాట చేర్చారు. రాయిని తిప్పి పరిస్తే నీరు మురుగులోకి పోక ఇంట్లోకి వస్తుంది. అందువల్ల కాలువ ఉన్న కొసన ఒక బాణం గుర్తు చెక్కమన్నారు. జీవితమంతా సర్వే రాళ్ల మధ్య గడిపిన మనిషికి దిక్కు అనగానే బాణం తప్ప మరొకటి తోచకపోవడం సహజం. ఆ బాణం సర్కారువారి గుర్తు అన్న సంగతి మాత్రం, అంత తెలిసినవాడు గనుకనే, ఆయనకు తట్టలేదు.

రాయి గోనెసంచులు కప్పుకొని బండిలో వచ్చింది. మురుగు పెరటి గోడ పక్కగా పారుతుంది గనుక అక్కడే పరిచారు. బాణం సహజంగానే గోడవైపు చూసింది. గోడ ఛాతీ ఎత్తు. అవతల పొరుగున ఉన్న బట్టల వర్తకుడు అబ్బాస్ అలీ పెరడు. వాలు చూసుకోవడానికి లక్ష్మీనరసయ్యగారు తెల్లవారుతూనే తాడు పట్టి అటూ ఇటూ లాగుతుండగా, కోళ్లకు నూకలు వేయవచ్చిన అబ్బాస్ అలీ భార్య జహరాబీ చూసింది.

"వదినా, ఏంది ఆ రాయి?" అని గోడ మీదుగా అడిగింది.

"ఏ రాయి?" అన్నది ఓబులమ్మ, దాని మీద నిలబడి.

"నువ్వు నిలబడినావే, అదే."

"ఇదా? ఏం లేదు జహరా. ఇంట్లోకి."

"ఇంట్లోకైతే బాణం మా తట్టు చూస్తుందేంది?"

ఓబులమ్మ చీరకుచ్చెళ్లు సవరించుకొని బాణాన్ని కప్పేసింది. అది సర్వే రాయేననడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం జహరాబీకి అక్కరలేకపోయింది.

మధ్యాహ్నానికి అబ్బాస్ అలీ స్వయంగా వచ్చాడు. ఆ రెండిళ్ల మధ్య పండుగనాటి సేమియా, అరిసెలు గోడ మీదుగానే నడిచేవి. ఇప్పుడు మాత్రం అతడు వీధివాకిలి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, నిలబడే మాట్లాడాడు. "అన్నా, మనలో మనకు దాపరికం ఏంది? ఏదన్నా ఉంటే చెప్పు. సామాన్లు సర్దుకుంటాం."

"అబ్బాసూ, నోరు విప్పలేను. ఒట్టు ఉంది. పని జరిగినాక అందరికంటే ముందు మీకే తెలుస్తుంది" అన్నారు లక్ష్మీనరసయ్యగారు. గోడ పక్కిల్లు గనుక ఏ విధంగా ముందు తెలుస్తుందో ఆలోచించే ఆయన నిజాయితీగా చెప్పారు. అబ్బాస్ అలీ ముఖం పాలిపోయింది.

అతడు అక్కణ్ణుంచి కరణంగారి దగ్గరకు పోయాడు. కరణంగారికి ఏ రాయి సంగతీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఆ వంశంలో లేదు. "అవన్నీ పైవాళ్ల వ్యవహారాలు. ఇప్పుడే బయటపెట్టే మాటలు కాదు" అని కళ్లు మూసుకున్నారు. పొద్దు గూకేసరికి వీధికంతటికీ తెలిసిపోయింది: తర్లుపాడు స్టేషను రోడ్డు వెడల్పు చేస్తున్నారు, బాణం చూపిన ఇల్లల్లా పడగొడతారు, పాత కచేరీ మనిషి గనుక లక్ష్మీనరసయ్యకు ముందే తాకీదు వచ్చింది. నూనె గానుగ అంకన్న, సర్కారువాళ్లు పగలగొడితే బండలు దక్కవని, తన ఇంటి ముందరి అరుగును తానే పీకించి బండలు పెరట్లోకి చేర్చుకున్నాడు. అతణ్ణి చూసి నిజమే కాబోలని ఇంకా ఇద్దరు గునపాలు తీశారు.

ఆ తాకీదును కళ్లతో చూసినవాడు ఒక్కడూ దొరక్కపోవడంతో, మరునాడు అబ్బాస్ అలీ అర్జీ పెట్టాడు. సర్వే రాయిని దొంగతనంగా పాతి హద్దు మార్చజూస్తున్న వ్యక్తి అని రాసి, ఆ కింద పేరు రాయించాడు. లక్ష్మీనరసయ్యగారి పేరు, తండ్రి పేరుతో సహా, అక్షరదోషం లేకుండా అర్జీకి ఎక్కింది. కబురు తెలిసిన రాత్రి ఆయన భోజనం చేయలేదు. రాయి మీద ఎంత కూర్చోబెట్టజూసినా, మనవడు కూడా ఏమీ చేయలేదు.

"చెప్పేస్తానే" అన్నారు ఆయన భార్యతో.

"చెప్పు. బిడ్డను కర్నూలు మోసుకుపోయేది కూడా నువ్వే" అన్నది ఆమె.

తెల్లవారగానే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు నరసింహులు కొలత గొలుసు పట్టే బంట్రోతుతో వచ్చాడు. వెనుక కరణంగారు, అబ్బాస్ అలీ, అంకన్న, వీధిలోని తీరికైనవాళ్లంతా పెరట్లోకి దిగి ఇంటి గోడ పొడుగునా నిలబడ్డారు. నరసింహులు ఒకప్పుడు లక్ష్మీనరసయ్యగారి దగ్గర పని నేర్చుకున్నవాడే. అందువల్ల మరింత కఠినంగా ఉండక తప్పలేదు.

"లక్ష్మీనరసయ్యగారూ, సర్కారు గుర్తు సొంతంగా చెక్కించడం నేరమని మీకు నేను చెప్పాల్నా?"

"అక్కర్లేదు."

"మరి ఇదేం రాయి?"

ఆయన తలుపు వైపు చూశారు. ఓబులమ్మ మనవణ్ణి చంకనేసుకొని, వాడి తల మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నది.

"ఈ గట్లు చూస్తే ఇది కొత్త మోడలు మాదిరుంది. మద్రాసు నుంచి వచ్చింటాది" అన్నారు కరణంగారు, అన్నీ తెలిసిన గొంతుతో.

"గట్లెందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గొలుసు జారకుండా."

నరసింహులు దగ్గరకు పోయి పరీక్షించదలచాడు. బాణం లోతు చూడడానికి రాయి మీదికే ఎక్కి, చెరో గట్టు మీద చెరో కాలు పెట్టి, గొంతుకూర్చున్నాడు. కాళ్లు అతికినట్లు సరిపోయాయి. ఆ భంగిమలో కాసేపు ముఖం గంభీరంగా పెట్టుకొని ఆలోచించాడు.

ఇదంతా చెన్నకేశవులు కన్నార్పకుండా చూశాడు. ఆ కూర్చోవడం చూసి రాయి ఎందుకో గ్రహించినవాడు వాడొక్కడే. నాయనమ్మ చంకలోంచి జారి, గుడ్డముక్కైనా లేని ఒంటితో నడిచివచ్చి, ఇన్‌స్పెక్టరు పంచెను పట్టి లాగాడు. లేవమని. నరసింహులు తెలియకుండానే లేచాడు. పిల్లవాడు ఆ స్థానంలో కాలువకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా నిలబడిన పెద్దలనందరినీ ఒక్కొక్కరినే పరిశీలించాడు. ముఖం ఎర్రబారింది. పిదప, అన్నాళ్లుగా ఆముదమూ డాక్టరూ ఓబులమ్మా సాధించలేనిదాన్ని, కచేరీ సమక్షంలో, ఏ లోటూ లేకుండా జరిపించాడు.

"అయింది!" అని ఓబులమ్మ కేక పెట్టింది. "నా తండ్రీ, అయింది!" మోకాళ్లు మరచి పరుగెత్తుకొచ్చి, ఉన్నట్టుండి భయపడి సభను చూసింది. "అందరూ థూ అనండి. దిష్టి తగుల్తాది. అయ్యా ఇన్‌స్పెక్టరుగారూ, ముందు మీరు అనండి. మీవి పెద్ద కళ్లు."

ఇన్‌స్పెక్టరు థూ అన్నాడు. కరణంగారు థూ అన్నారు. గోడ అవతల నుంచి జహరాబీ ముమ్మారు అన్నది.

అబ్బాస్ అలీ చాలాసేపు రాయిని చూశాడు. "అన్నా, దీనికా నోరు కట్టేసుకున్నావు?" అన్నాడు.

"ఒట్టు, అబ్బాసూ."

"ఒక్క సైగ చేసినా సరిపోయేది గదన్నా."

"ఏమని చేయమంటావు?"

అబ్బాస్ అలీ ఆలోచించి, నిజమేనని తలూపాడు. ఇన్‌స్పెక్టరు చేతిలోని అర్జీని మర్యాదగా వెనక్కు తీసుకొని, నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. నరసింహులు గొంతు సవరించుకొని తీర్పు చెప్పాడు. బాణం సర్కారుది గనుక దాన్ని చెక్కేయించాలి. తక్కినదంతా సొంతం.

"మరి నా అరుగు?" అన్నాడు అంకన్న. వారం తిరక్కుండా లక్ష్మీనరసయ్యగారు పాపయ్యను పంపి దాన్ని కట్టించారు.

చిక్కు మరునాడు తెలిసింది. చెన్నకేశవులు రాయి మీద కూర్చొని, ఎదురుగా చూసి, ఎవరూ లేకపోవడంతో లేచివచ్చాడు. ఎంత బతిమాలినా కూర్చోలేదు. ఓబులమ్మకు సంగతి అర్థమైంది. గడప దాటకూడదన్న మాటను తానే వీధి పొడుగునా మోసుకుపోయి, "అంకన్నా, ఒక్క నిమిషం రా నాయనా, వానికి టైమైంది. జహరా, అబ్బాసును లేపవమ్మా" అని ఇంటింటా పిలిచింది. అప్పటినుంచి అది నిత్యకృత్యమైంది. పొద్దున్నే పెద్దలు వచ్చి ఇంటి గోడ వెంబడి నిలబడేవారు. గంభీరంగా చూసి, థూ అని, ఎవరి పనికి వారు పోయేవారు. కరణంగారు కూడా అప్పుడప్పుడూ వచ్చేవారు. తనకు మొదటే తెలుసునని చెప్పేవారు. పొట్ట మెత్తబడింది. కర్నూలు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇన్‌స్పెక్టరు ఆజ్ఞ ప్రకారం ఒక సాయంత్రం పాపయ్య రాయిని పైకెత్తి బాణాన్ని చెక్కేశాడు. అప్పటికి చీకటి పడింది, బాణమూ పోయింది గనుక, మళ్లీ పరిచేటప్పుడు ఏ కొస ఎటు ఉండాలో అతనికి తెలియలేదు. మరునాటి ఉదయం చెన్నకేశవులు అలవాటు ప్రకారం కాలువకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా పెరటి గోడ కనిపించింది, నడుమ మురుగు తప్ప మనిషి నిలబడే చోటు లేదు. సభ వీపు వెనుక మిగిలింది. వాడి పెదవి వంగింది.

ఆలోచించడానికి వ్యవధి లేదు. అబ్బాస్ అలీ ముందు నడిచాడు. అంకన్న, కరణంగారు అతని వెంట వీధి చుట్టి అవతలి పెరట్లోకి పోయి, గోడ మీదుగా తలలు చూపారు. పిల్లవాడు వారిని లెక్కచూసుకొని, తాతకోసం వెతికాడు.

సర్కారు కొలువు ఉన్నన్నాళ్లూ ఒకరినీ గీత దాటనివ్వని లక్ష్మీనరసయ్యగారు, పంచె ఎగగట్టి, గోడ ఎక్కి, హద్దు దాటారు.